మద్రాసు ట్రాం నమూనా: కొలతలు ఎలా రాబట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మద్రాసులో చదువుకున్న రోజుల్లో మౌంట్ రోడ్డు మీద ట్రాం ఎక్కిన సంగతి మా తాతగారు ఎన్నోసార్లు చెప్పేవారు. 1895లో మొదలై 1953లో ఆగిపోయిన ఆ ట్రాం నమూనాను, పట్టాల మీద నిజంగా నడిచేలా, సొంతంగా చేయాలని సంకల్పించాను. నా దగ్గర ఎదురుగా తీసిన ఫొటో ఒకటి, పక్కనుంచి తీసినది ఒకటి ఉన్నాయి తప్ప కొలతల చిత్రం లేదు. ఏ స్కేలులో చేయమంటారు?

మొదటి జవాబు:
మద్రాసు ట్రాం మీటరు గేజి మీద, అంటే ఒక మీటరు ఎడమున్న పట్టాల మీద, నడిచింది కాబట్టి మీ పని కొంత తేలికైంది. 1:87 స్కేలులో మీటరు 11.5 మిల్లీమీటర్లవుతుంది, దానికి దగ్గరగా 12 మి.మీ. పట్టాలు తయారుగా దొరుకుతాయి. అయినా మొదటిసారి చేస్తున్నారు కనుక 1:45 ఎంచుకోండి. పట్టాల మధ్య దూరం 22 మి.మీ. దాటుతుంది, మోటారు సులువుగా పడుతుంది, మెట్లూ సీట్లూ చేతికి అందేంత పెద్దవిగా ఉంటాయి.

ఇక కొలతలకు ఆ పట్టాలే ఆధారం. ఎదురు ఫొటోలో చక్రాలు ఆనే చోట పట్టాల లోపలి అంచుల మధ్య దూరం కొలవండి; అది అసలులో ఒక మీటరు. ఫొటోలో అది 20 మి.మీ. ఉండి పెట్టె వెడల్పు 38 మి.మీ. ఉంటే, అసలు వెడల్పు సుమారు 1.9 మీటర్లన్నమాట. పెట్టె ముందుభాగం చక్రాలకన్నా కెమెరాకు దగ్గరగా ఉంటుంది కనుక ఈ లెక్క కాస్త ఎక్కువే చూపిస్తుంది, ఆ మేరకు తగ్గించుకోవాలి. అదే పద్ధతిలో ఎత్తు తేల్చి, ఆ ఎత్తును పక్క ఫొటోకు కొలబద్దగా పెట్టుకుంటే పొడవు వస్తుంది. ప్లాస్టిక్ షీటు కోసే ముందు అట్టతో ఒక పెట్టె చేసి ఫొటో పక్కన నిలబెట్టి చూడండి. లెక్కలో దొరకని తేడా కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

రెండవ జవాబు:
ఏ కాలపు ట్రామో ముందుగా నిర్ణయించుకోవడం మంచిది. తొలినాళ్లలో కరెంటు పట్టాల మధ్య నేలలోని గాడి నుంచి అందేది. వానాకాలపు వరదలకు ఆ ఏర్పాటు దెబ్బతినడంతో తర్వాత తలపై తీగకు మారారు. 1895 నాటి బండి మీద ట్రాలీ కడ్డీ (తలపై తీగ నుంచి కరెంటు అందుకునే కడ్డీ) పెడితే నమూనా ఎంత అందంగా కుదిరినా తప్పే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా తాతగారు ఎక్కింది 1940ల నాటి ట్రాం కనుక తలపై తీగతోనే చేస్తాను. కడ్డీకి ఇత్తడి తీగ సరిపోతుందా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
సరిపోతుందండీ. అయితే కడ్డీ ఎప్పుడూ బండి వెళ్లే దిక్కుకు వెనకవైపే వాలి ఉండాలి. అందుకని దాన్ని బిగించేయకుండా, చివరి స్టాపులో తిప్పి పెట్టుకునేలా మేకు మీద నిలపండి.