అప్‌డేట్: మా పెరట్లో మొలిచింది ఏ మల్లిన్ మొక్కో తేలింది

కిందటేడు శాక్రమెంటోలో (కాలిఫోర్నియా) మా కంచె పక్కన మొలిచిన గుబురు ఆకులు ఏ మొక్కవని ఇక్కడ అడిగాను, గుర్తుందా? అది మల్లిన్ (పొడుగాటి పూల కంకులు వేసే ఒక అడవి మొక్క) అని తెలిసింది కానీ, ఏ రకమో తేలలేదు. అప్పటికి పువ్వులు లేవు. ఉన్ని దుప్పటిలా మెత్తటి నూగు లేదు కాబట్టి మామూలు మల్లిన్ (వెర్బాస్కమ్ థాప్సస్) కాదని అందరూ అన్నారు. మిగిలిన రెండు రకాల్లో మాత్ మల్లినా, వాండ్ మల్లినా అన్న దగ్గర మాత్రం ఆగిపోయాం.

ఈ వేసవిలో పసుపు పువ్వులు పూశాయి. కేసరాల మీద ఊదారంగు నూగు చూడగానే మాత్ మల్లిన్ అని సంబరపడ్డాను. కానీ ఆ నూగు రెండింటికీ ఉంటుందట! అసలు తేడా పువ్వు కాడలో ఉంది. మాత్ మల్లిన్‌లో ఒక్కోచోట ఒకే పువ్వు, దాని కాడ రక్షకపత్రాల (పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చ రేకుల) కంటే బాగా పొడుగు. వాండ్ మల్లిన్‌లో కాడ వాటికంటే పొట్టి, తరచూ ఒకేచోట రెండు మూడు పువ్వులు. స్కేలు పెట్టి పది పువ్వులు కొలిచాను. అన్నీ పొడుగు కాడలే, అన్నీ ఒంటి పువ్వులే. మాత్ మల్లినే, వెర్బాస్కమ్ బ్లాటేరియా. "కాడ కొలవండి" అని చెప్పినవారికి చాలా థాంక్స్, నా టెన్షన్ తీర్చారు.

పువ్వు అందంగానే ఉంది, ఉంచేయాలనిపించింది. అయితే విత్తనాలు మట్టిలో ఎన్నేళ్లు బతుకుతాయో చూడ్డానికి మిషిగన్‌లో 1879లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త సీసాల్లో పాతిపెట్టిన విత్తనాల్లో ఈ మొక్కవి 2021లో కూడా మొలిచాయని చదివాను. 142 ఏళ్లు! యూరప్ నుంచి వచ్చిన మొక్కని ఇక్కడి నేలకి అంతకాలం అంటగట్టడం నాకు ఇష్టం లేదు. కాయలు ఎండకముందే కంకులు కోసేశాను. పక్కనే ఇంకో రెండు పిల్ల మొక్కలున్నాయి, రేపు వేళ్లతో సహా తీసేస్తాను.