లోకల్ అనస్థీషియా ఇంటిగ్రేటెడ్ మాడ్యూల్: అతుకు ఎక్కడ ఊడుతోంది?

ప్రశ్న (మొలార్36):
అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఓరల్ సర్జరీ కలిపి లోకల్ అనస్థీషియా మీద రెండు వారాల మాడ్యూల్ పెడితే, తీరా అది నాలుగు పాత లెక్చర్లు పక్కపక్కన పేర్చినట్టే ఉంటోంది. సోడియం చానెళ్ల (నరంలో నొప్పి సంకేతాన్ని నడిపే ద్వారాలు, మత్తుమందు మూసేది వీటినే) గురించి ఇద్దరు చెబుతారు, మాండిబుల్ (కింది దవడ) ఎముక చేతికిచ్చి, నరం లోపలికెళ్లే ఫొరామెన్ (రంధ్రం) చూపించేవాళ్లు లేరు. విద్యార్థులేమో సబ్జెక్టు వారీగానే బట్టీ కొడతారు. ఎక్కడ సరిచేయాలి?

పల్ప్‌గది:
లెక్చర్‌తో కాదు, కేసుతో మొదలుపెట్టండి. కింది మొలార్‌కి (దవడ పన్నుకి) ఇర్రివర్సిబుల్ పల్పైటిస్, అంటే పన్ను లోపలి పల్ప్ ఇక కోలుకోనంతగా వాచింది. బ్లాక్ (కింది దవడ నరం దగ్గరిచ్చే మత్తు ఇంజెక్షన్) ఇచ్చారు, పెదవి మొద్దుబారింది, బర్ (డ్రిల్ మొన) తగలగానే పేషెంట్ ఉలిక్కిపడ్డాడు. ఎందుకు? లెక్క విద్యార్థులతోనే వేయించండి: మత్తుమందు లిడోకేన్ పీకేఏ (సగం మందు నరం పొర దాటే రూపంలో ఉండే పీహెచ్) 7.9. పీహెచ్ 7.4 దగ్గర నరం పొర దాటగలిగే రూపం సుమారు 24 శాతం, వాపు వల్ల 6.4కి పడితే 3 శాతమే.

ఎండుదవడ:
లెక్క సరే, కేసుకి అతకదు. బ్లాక్‌లో మందు పడేది టెరిగోమాండిబ్యులర్ స్పేస్‌లో (కింది దవడ ఎముక వెనక భాగానికి లోపలి వైపున్న సందులో). వాచిన పల్ప్ ఎక్కడో దూరాన ఉంది, ఇక్కడ పీహెచ్ మామూలే. పైగా పెదవి మొద్దుబారిందంటే మందు నరానికి అందినట్టే. అనుమానించాల్సింది రెచ్చిపోయిన నొసిసెప్టర్లనీ (నొప్పిని పసిగట్టే నరాల కొనలు), లిడోకేన్‌కి అంత తేలిగ్గా లొంగని సోడియం చానెళ్లనీ, మైలోహయాయిడ్ నరం (నోటి అడుగు కండరానికెళ్లేది) పన్నుకిచ్చే అదనపు కొమ్మల్నీ. ఫార్మకాలజీ వాళ్లూ సర్జరీ వాళ్లూ ఒకే గదిలో కూర్చుంటేనే ఇలాంటి పొరపాటు దొరుకుతుంది.

ఎముక దగ్గరా అంతే. సూది సగం కూడా వెళ్లకముందే ఎముక తగిలితే కొన మరీ ముందుకున్నట్టు. అసలు తగలకుండానే మందు వదిలితే పెరోటిడ్‌లోకి (చెవి ముందుండే లాలాజల గ్రంథి) పోయి, దాని గుండా వెళ్లే ఫేషియల్ నరం (ముఖ కండరాల్ని కదిలించేది) మొద్దుబారి, ఆ వైపు కనురెప్ప కొన్ని గంటలు మూతపడదు. ఫేషియల్ నరం పాఠం అక్కడ చెప్పండి, జన్మలో మరిచిపోరు.

బ్లూప్రింట్:
పరీక్ష మార్చకుండా ఎన్ని చేసినా దండగే. ప్రశ్నపత్రంలో సెక్షన్లకి సబ్జెక్టు పేర్లుంటే చదువూ అలాగే సాగుతుంది. పై కేసునే 20 మార్కుల ప్రశ్నగా ఇవ్వండి, ఒకే జవాబుని రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్లు విడివిడిగా దిద్దాలి. మార్కుల్లో 4కి మించి తేడా వస్తే జవాబు కీ మీద ఇద్దరూ కూర్చోవాలి.

లెక్చర్ల పునరుక్తికి చిన్న పట్టిక చాలు: అడ్డంగా నేర్చుకోవాల్సిన అంశాలు, నిలువుగా టీచర్లు. రెండు టిక్కులు పడ్డచోట ఒకరు తప్పుకోవాలి. ఖాళీ వరుస ఎవరో ఒకరికి అప్పగించాలి. అయితే గంటలు కోసే అధికారం కోఆర్డినేటర్‌కి లేకపోతే పట్టిక గోడకే. మాండిబ్యులర్ నరం కొమ్మలు రాని పిల్లలకి నేరుగా కేసు ఇవ్వకండి, ఊహాగానాలే వస్తాయి.

మొలార్36:
ఫిజియాలజీ వాళ్లు గంటలు వదలరు. ముందు ఆ 20 మార్కుల ప్రశ్నే పెట్టి చూస్తాం.