మ్యూనిక్, వియన్నా: చిన్నపిల్లలతో రైళ్లలో ఎట్టా?

కావలి నుంచి:
చెన్నైలో ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతాం. అక్కణ్ణించి మ్యూనిక్, వియన్నా. బాబుకు ఏడేళ్లు, పాపకు రెండేళ్లు. టికెట్లు, తిండి సంగతి తెలిసినోళ్లు చెప్పండన్నా.

జవాబు 1:
జర్మనీ రైళ్లలో ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు. బాబుకూ డబ్బులు పడవు గానీ, బుక్ చేసేటప్పుడే వాడి వయసు వేసి మీ టికెట్లో చేర్చాలి. టికెట్ ఉంటే సీటు ఉన్నట్టు కాదబ్బా, రిజర్వేషన్ వేరే. ఐసీఈ అనే జర్మనీ స్పీడు రైళ్లలో పసిపిల్లలకు విడి క్యాబిన్ ఉంటది, 'క్లైన్‌కిండ్‌ఆబ్‌టైల్' అని ఎంచుకోండి. ప్లాట్‌ఫాం మీద ఏ, బీ, సీ బోర్డులుంటాయి. మీ పెట్టె ఏ అక్షరం దగ్గర ఆగుద్దో తెర మీద చూసి అక్కడే నిలబడండి. ఒక్కోసారి పెట్టెల వరస తిరగబడి వస్తది, అప్పుడు పాపనీ సామాన్లనీ ఈడ్చుకుంటా ఆ కొసకు పరిగెత్తాలి. అందుకే ఒంటిచేత్తో మడిచే స్ట్రోలరే తెచ్చుకోండి.

జవాబు 2:
ఆదివారం కొట్లు మూసేస్తారు. పాలు, పెరుగు శనివారమే కొనండి. పెద్ద స్టేషన్లలో కొన్ని తెరిచే ఉంటాయి. జర్మనీలో సబ్బులు, షాంపూలు అమ్మే డీఎం షాపుల్లో డైపర్ మార్చే బల్ల ఉంటది, డైపర్లూ ఊరికే ఇస్తారు. ట్యాక్సీ అయితే చైల్డ్ సీటు కావాలని ముందే చెప్పాలి. వియన్నా మెట్రో, ట్రాముల్లో పాపకు ఉచితం, బాబుకు సగం టికెట్.

జవాబు 3:
నెయ్యి, మాంసం పచ్చడి పెట్టుకోబాకండి, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. మన రొయ్యల పచ్చడికి ఆ నిషేధం లేదు, కారకుండా ప్యాక్ చేయిస్తే చాలు. సీసా నీళ్లు కొంటే 'ష్టిల్' అని ఉందో లేదో చూడండి, లేకుంటే గ్యాసు నీళ్లొస్తాయి, పిల్లలు ఉమ్మేస్తారు. కుళాయి నీళ్లు తాగొచ్చు.