అప్‌డేట్: ప్రోగ్రెసివ్ ప్రెస్‌పై పౌడర్ చిందడం ఆగింది

టెక్సాస్‌లో 9 ఎంఎం తూటాలు రీలోడ్ చేసుకునే (వాడేసిన తూటా కేసులను, అంటే ఇత్తడి గొట్టాలను, మళ్లీ నింపుకునే) నేను, నా ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో (కేసులను ఒక్కో దశకు తిప్పుతూ తూటాలు తయారుచేసే యంత్రంలో) కేసులను పట్టుకుని తిరిగే షెల్ ప్లేట్ కదిలిన ప్రతిసారీ కేసులోంచి పౌడర్ (తూటా మందు) చిందుతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ప్లేట్ కింద ఉండి, దాన్ని సరైన చోట ఆపే ఇండెక్స్ బాల్ స్ప్రింగ్ మరీ బిగువుగా ఉండడమే అసలు కారణమని తేలింది. ప్లేట్ ఒక్క ఉదుటున వచ్చి ఆగినప్పుడు, అంచుకు దగ్గరగా నిండిన ఆ పొట్టి కేసులోని రేణువులు ఎగిరి, ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత) కూర్చునే చోట కూడా పేరుకునేవి. స్ప్రింగ్ మార్చి, ప్లేట్ బోల్టు కింద పలుచని బేరింగ్ అమర్చాక ప్లేట్ మెత్తగా జారి ఆగుతోంది.

హ్యాండిల్‌ను చివర్లో నెమ్మదిగా కదపమన్న సలహా మంచిదే గానీ అదొక్కటే చాలలేదు. స్థిర విద్యుత్తుకు, పౌడర్ కొలిచి పోసే పౌడర్ మెజర్‌కు దీనితో సంబంధమే లేదు. పౌడర్ తగ్గిన తూటా పేలితే బుల్లెట్ (తూటా కొసన ఉండే లోహపు ముక్క) తుపాకీ బ్యారెల్‌లోనే ఇరుక్కుపోవచ్చు కనుక, బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ లైటు వేసి చూడడం మాత్రం నేను మానలేదు.