గణితం నుంచి వృద్ధాప్య పరిశోధనలోకి ఎలా వెళ్లాలి?

నమస్కారమండీ. గణితంలో పీజీ చేశాను, ఇప్పుడు డేటా మైనింగ్‌లో పనిచేస్తున్నాను. వయసుతో పాటు మరణ ముప్పు రెట్టింపవుతూ పోతుందని 1825లోనే గాంపెర్ట్జ్ అనే బ్రిటిష్ గణితవేత్త చెప్పాడని చదివినప్పటి నుంచి మనసంతా దానిమీదే ఉంది. 2013లో హోర్వాత్ అనే శాస్త్రవేత్త డీఎన్‌ఏపై 353 చోట్ల మిథైల్ గుర్తులు (వయసుతో మారే రసాయన గుర్తులు) చూసి వయసు అంచనా వేశాడు కదా, అలాంటి మోడల్ నేనూ కట్టి చూశాను. ఒక ల్యాబ్ శాంపిళ్లకు చక్కగా కుదిరింది. వేరే ల్యాబ్ డేటా ఇవ్వగానే అందరికీ ఏడెనిమిదేళ్లు ఎక్కువ చూపించింది! ల్యాబ్ తేడాను, నిజమైన ముసలితనాన్ని ఎలా విడదీస్తారు? ఈ రంగంలో పీహెచ్‌డీ చేయాలంటే ముందు బయాలజీ ఎంతవరకు చదవాలి? గణితం వైపు నుంచి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.