ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టంలో బెయిలు నిబంధన మార్చాలా, వద్దా?

అమలాపురం మాస్టారు:
మా ఊళ్ళో పుట్టి, ఢిల్లీలో పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబా గారిని మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ 2014 మేలో అరెస్టు చేశారు. పోలియో వల్ల నడవలేని మనిషి. 2017లో యావజ్జీవ శిక్ష పడింది. 2020 ఆగస్టులో తల్లి చనిపోతే చివరి చూపుకైనా పంపలేదు. 2024 మార్చి 5న బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆయనను నిర్దోషి అంది. ఎనిమిది నెలలు తిరగకముందే, అక్టోబరు 12న కన్నుమూశారు. 2016 నుంచి 2019 వరకు ఈ చట్టం కింద 5,922 మందిని అరెస్టు చేస్తే 132 మందికి శిక్ష పడిందని కేంద్ర హోంశాఖే రాజ్యసభకు చెప్పింది. బెయిలును దాదాపు అసాధ్యం చేసే 43డి(5) నిబంధనను తీసేయాలని నా అభిప్రాయం.

అంతర్వేది తీరం నుంచి:
మాస్టారూ, ఆయన విషయంలో బాధ నాకూ ఉంది. కానీ ఆ నిబంధన ఎందుకు వచ్చిందో మరవకండి. 2008 నవంబరులో పదిమంది ముష్కరులు సముద్రంలో ఒక చేపల బోటును పట్టుకుని, అందులోవాళ్ళను చంపేసి ముంబయి చేరారు. 166 మంది ప్రాణాలు పోయాయి. మరుసటి నెలలోనే చట్టాన్ని బిగించారు. ఇప్పుడు మా వాళ్ళు వేటకు వెళ్తే గుర్తింపు కార్డును ఉప్పునీరు తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, చొక్కా లోపల దాచుకుంటారు. నడిసముద్రంలో గస్తీవాళ్ళు ఆపితే తడిచేతులతో ఆ ముడి విప్పి చూపాలి. విసుగే, అయినా భరిస్తున్నాం. అలాంటి దాడికి తెగబడినవాడు బెయిలు మీద బయటికొచ్చి అదే సముద్రం మీదుగా పారిపోతే ఎవరిని అడగాలి? పైగా 2019లో అరెస్టయినవాడి కేసు ఆ ఏడాదే తేలదు కదా. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడం సరికాదు.

రాజమహేంద్రవరం న్యాయవాది:
అంకెల మాట నిజమే. మాస్టారి ఉదాహరణలోనూ ఒక సవరణ ఉంది. విచారణ కాలంలో సాయిబాబా గారికి 2015లో హైకోర్టు, 2016లో సుప్రీంకోర్టు బెయిలిచ్చాయి. ఆయన ఎక్కువ కాలం జైల్లో మగ్గింది శిక్ష పడ్డాకే. ప్రాసిక్యూషన్‌కు ముందుగా తీసుకోవాల్సిన ప్రభుత్వ అనుమతిని ఆయన విషయంలో అభియోగాలు ఖరారయ్యాక గాని తీసుకోలేదు. ఆ కారణంతోనే 2022 అక్టోబరులో హైకోర్టు కేసు కొట్టేస్తే, మరునాడే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. అప్పీలు మళ్ళీ మొదటి నుంచి విన్నారు. ఆయన ఆయుష్షును తిన్నది జాప్యం.

ఇక 43డి(5). ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే చాలు, బెయిలు లేదు. 2019లో వతాలీ అనే నిందితుడి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత పోలీసుల కాగితాలను ఆ దశలో లోతుగా తూచడానికి వీల్లేకుండా పోయింది. మా సీనియరుతో కలిసి నేను పనిచేసిన ఒక పిటిషన్‌లో, మా కక్షిదారు ఆ రోజు ఘటనాస్థలంలో లేడని చూపే ఆసుపత్రి రసీదు మా చేతిలో ఉంది. దానిని తెరిచి చూపకముందే, అది విచారణలో చూసుకుందాం అన్నారు. బెయిలు రాలేదు.

కాబట్టి నిబంధన పూర్తిగా తీసేయమని నేను అనను. గడువు పెట్టమంటాను. 2021లో నజీబ్ అనే నిందితుడి కేసులో సుప్రీంకోర్టు చేసింది ఇదే. అయిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు, ఇంకా 276 మంది సాక్షులు మిగిలే ఉన్నారు. అందుకని బెయిలును ఖాయం చేసింది. కానీ అలా ఇవ్వగలిగేది హైకోర్టులు, సుప్రీంకోర్టే. అంతదూరం వెళ్ళే స్తోమత ఎంతమందికి ఉంది? ఇన్నేళ్ళలో విచారణ ముగియకపోతే కింది కోర్టే బెయిలు ఇవ్వవచ్చని చట్టంలోనే రాయాలి.

అంతర్వేది తీరం నుంచి:
గడువుకు నేను ఒప్పుకుంటాను, లాయరు గారూ. ప్రాసిక్యూషన్ అనుమతికి సిఫారసు చేసే అధికారికి ఏడు, ప్రభుత్వానికి ఏడు పనిదినాలని నియమాల్లో ఉంది. దానిని కచ్చితంగా పాటించాల్సిందేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతికి గడువు పెట్టగలిగినప్పుడు విచారణకు ఎందుకు పెట్టలేరు? అయితే బాంబు పేలుళ్ళ కేసుల్లో గడువు దాటగానే దానంతటదే బెయిలు రాకూడదు. రోజువారీ విచారణ జరిపించాలి, ప్రత్యేక కోర్టులు పెంచాలి.

అమలాపురం మాస్టారు:
సాయిబాబా గారి బెయిలు సంగతి నేను తప్పుగా అనుకున్నాను, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గడువు మాత్రం రెండేళ్ళు దాటకూడదు. లాయరు గారూ, ఆ ఆసుపత్రి రసీదు చివరికి ఏమైంది?

రాజమహేంద్రవరం న్యాయవాది:
ఫైల్లోనే ఉంది, మాస్టారూ. సిరా వెలిసిపోతోందని మొన్ననే జిరాక్సు తీయించి పెట్టాం. సాక్షుల విచారణ ఇంకా మొదలు కాలేదు.