హనుమకొండ నాణేల క్లబ్బులో బేరాలే మిగిలాయి, ఏం చేద్దాం?

ప్రశ్న: మేము పదకొండు మందిమి. రెండో ఆదివారం మా డాబా మీద కలుస్తాం, చందా నెలకు 50 రూపాయలు. పోయినసారి ఒక పిల్లవాడు నాయనమ్మ పెట్టెలోని నిజాం వెండి రూపాయి తెచ్చాడు. చార్మినార్ బొమ్మ, నడిమి కమాను కింద చిన్న ఉర్దూ అక్షరం. అదేమిటని వాడడిగితే, మావాళ్ళు ధరెంత అన్నారు. నా మనసు చివుక్కుమంది.

జవాబు (కరీంనగర్): అది ‘ఐన్’, చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ రూపాయిల మీదైతే అక్కడ ‘మీమ్’ ఉంటుంది. బేరాలు చివరి అరగంటకు పెట్టండి. ముందు ఒక్క నాణెం, దాని గురించి తెచ్చినవారే చెప్పాలి. పిల్లలకు ఉర్దూ అంకెలు నేర్పితే హిజ్రీ సంవత్సరం వాళ్ళే చదువుతారు.

జవాబు (జగిత్యాల): పిల్లల్ని ఒకసారి కోటిలింగాలకు తీసుకురండి. శాతవాహనులకు ముందటి గోభద, నారన, సమగోప అనే రాజుల నాణేలు దొరికిన ఊరు. ఒక్క మాట: పొలంలో దొరికిందని ఎవరైనా తెస్తే కొనకండి. 1878 నాటి చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషం అన్నా. ఆ పిల్లవాడికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా, రూపాయిని చింతపండుతో తోముతానన్నాడు, ముందు అది ఆపాలి.